నాలుగో గదికి సెగ

మా ఊళ్లో ఈశ్వరప్పను పిసినారి అనని మనిషి లేడు. అందులో అబద్ధం కూడా లేదు. కాకపోతే అతని పిసినారితనం తిండి దగ్గర కాదు, నిప్పు దగ్గర. ఇంటికి ఎవరు పోయినా సంగటి ముద్ద, ఊరుబిండి పెట్టి కానీ పంపేవాడు కాదు. అదే పొయ్యిలో ఒక పుల్ల ఎక్కువ మండితే చాలు, భార్య తిప్పమ్మ మీద ఇంతెత్తున లేచేవాడు. స్నానానికి నీళ్లు కాగగానే నిప్పు మీద నీళ్లు చిలకరించి, బొగ్గులు ఏరి దాచుకునే మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ జబ్బు అతనికి హిందూపురంలో అంటుకుంది. వయసంతా అక్కడొక పట్టుదారం తీసే మిల్లులో బాయిలరు దగ్గర గడిపాడు. పట్టుగూళ్లు ఉడికే తొట్లకు ఆవిరి పంపడం అతని పని. ఏ తొట్టి దగ్గర మనిషి కూర్చోలేదో చూసి దాని వాల్వు మూసేయాలి, లేకపోతే కట్టెలు దండగని షావుకారు తిడతాడు. ఆ తిట్లు తిని తిని చివరికి ఈశ్వరప్పే షావుకారులా తయారయ్యాడు. చైనా పట్టు చవగ్గా వచ్చి పడిన రోజుల్లో ఆ మిల్లు మూతపడింది. ముంజేతుల నిండా కాలిన మచ్చలతో, సగమే వినిపించే చెవులతో ఊరికి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ పాత ఇనుము కొట్టులో పడున్న చిన్న బాయిలరొకటి, కొన్ని పైపులు లారీలో వేసుకొచ్చాడు.

"దాంట్లో సంగటి వండుతావా ఏమప్పా?" అని కుళ్లాయప్ప ఎగతాళి చేశాడు. కుళ్లాయప్ప మా ఊరి పెద్దమనిషి. అందరికన్నా పొలం ఎక్కువ, నోరు అంతకన్నా ఎక్కువ.

అప్పటికే మా కళ్యాణదుర్గం చుట్టుపక్కల జనం వాన మాట మరిచిపోయారు. శెనక్కాయ వేస్తే ఊడలు దిగకముందే మాడిపోయేది. బోరులో చెయ్యి మందం నీళ్లున్న వాళ్లం అరెకరం, ఎకరం మల్బరీ పెట్టి పట్టుపురుగులు మేపడం మొదలుపెట్టాం. మల్బరీ చెట్టు కొద్ది నీళ్లతోనైనా బతుకుతుంది. బతకనిదల్లా పురుగే. గుడ్డులోంచి బయటపడ్డ పురుగుకు మొదటి వారం పది రోజులు నిలకడగా వెచ్చదనం కావాలి. కార్తీకం దాటాక మా మిట్టల మీద వీచే గాలికి అది ముడుచుకుపోయి ఆకు ముట్టదు. ఇంట్లో కుంపటి పెడితే పొగకు చస్తుంది. కుంపటి ఆరితే చలికి చస్తుంది. రెండేళ్లు మేం అలా తట్టలకు తట్టలు దిబ్బలో పారబోశాం.

ఈశ్వరప్ప ఆ ఇనుమంతా ఎందుకు మోసుకొచ్చాడో అప్పుడు తెలిసింది. తన ఇంట్లోని మూడు గదులూ పురుగులకిచ్చేసి, తనూ తిప్పమ్మా వసారాలోకి మారారు. ఊళ్లో అందరి పురుగులనూ పసితనంలో తానే పెంచి, కాస్త గట్టిపడ్డాక పంచుతానన్నాడు. దాన్ని చాకీ అంటారు. మా ఊరికి అతని ఇల్లు చాకీ ఇల్లయింది.

ఇంటి పక్కన నడుములోతు గుంత తవ్వి బాయిలరును అందులోకి దించాడు. పొయ్యి పల్లంలో ఉంటే కాగిన నీళ్లు వాటంతట అవే పైకెక్కి, గదులన్నీ తిరిగి, చల్లబడి మళ్లీ కిందికి వస్తాయి. మోటారుతో పనిలేదు, కరెంటుతో పనిలేదు. మా ఊరి కరెంటు సంగతి ఎరిగినవాడు కాబట్టి అలా చేశాడు. తిరిగిన నీళ్లే తిరుగుతాయి కనుక వారానికొక బిందె పోస్తే ఎక్కువ. పైపు ఆరుబయట పోయిన చోటల్లా గోనెపట్టా చుట్టి పేడమట్టి మెత్తాడు. గదిలోకి వచ్చాక మాత్రం బోడి పైపు వదిలేశాడు. "సెగ ఆకాశానికి ఇయ్యల్నా, పురుగుకు ఇయ్యల్నా?" అని అడిగేవాడు. పొద్దున లేస్తూనే పైపుల పైమూలల్లో ఉన్న చిన్న కుళాయిలు తిప్పి గాలి వదిలేవాడు. పైపులో గాలి ఇరుక్కుంటే నీళ్లు కదలవు, కింద ఎంత మంటపెట్టినా పైన గది చల్లగానే ఉంటుంది. పొయ్యిలోకి శెనక్కాయ పొట్టు. దాన్ని భగభగ మండనిచ్చేవాడు కాదు. బూడిద తలుపు వేలెడు సందు తెరిచి, కుమలనిచ్చేవాడు.

గదికొక వాల్వు పెట్టాడు. కిటుకంతా అందులోనే ఉంది. మొదటి గదిలో అప్పుడే పుట్టిన పురుగులకు ఎక్కువ సెగ. చివరి గదిలో కాస్త పెరిగిన వాటికి కొంచెం తక్కువ. నడిమి గదిని మేం జ్వరం గది అనేవాళ్లం. నిజం జ్వరం కాదు. పురుగు పాత చర్మం వదిలే ముందు ఆకు మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరానికి కూర్చోవడం అంటాం. అవి కూర్చునేదాకా నడిమి గదికి సెగ ఉండాలి. కూర్చున్నాక గది ఆరినట్టుండాలి, సెగ తగ్గాలి. అందుకని అవి కూర్చోగానే ఆ గది వాల్వు పూర్తిగా మూసేసేవాళ్లు. అటూ ఇటూ ఉన్న రెండు గదుల గోడల వెచ్చదనమే దానికి సరిపోయేది. అంత పొట్టు మిగిలేది.

అవి కూర్చున్నాయో లేదో చెప్పడంలో తిప్పమ్మ దిట్ట. ఆకు వేసే వేళకు తట్ట తీసి చూసి, "కూర్సున్నాయి" అనేది. అంటూనే వెనక్కి తిరగకుండా చెయ్యి చాపి నడిమి వాల్వు మూసేది. ఆ మాటా ఆ చెయ్యీ ఒకటే పని అయిపోయాయి ఆమెకు.

ఏ గదైనా ఖాళీ అయిందంటే ఈశ్వరప్ప క్షణం ఆగేవాడు కాదు, పోయి వాల్వు కట్టేసి వచ్చేవాడు. "పానం ల్యాని గదికి సెగ ఎందుకప్పా?" అనేవాడు. ఇంకో గంటలో తట్టలు మారుస్తారు కదన్నా అంటే, "ఆ గంట పొట్టు నువ్వు తెచ్చిస్తావా?" అని మీదికొచ్చేవాడు. ఊళ్లో పిల్లలు కూడా ఆ మాట పట్టుకుని అతని వెనకాల ఆటలాడేవాళ్లు. మల్లీశ్వరి అతని ఒక్కగానొక్క కూతురు. తండ్రి సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ పిల్ల విన్నది ఈ సాధింపే. దీపం ఆర్పు, మంట తగ్గించు, తలుపు మూయి.

చాకీ ఇంటికి ఇంకో కట్టడి ఉండేది. అది ఈశ్వరప్ప పెట్టింది కాదు, పురుగులు మేపే ఊళ్లన్నిటా ఎప్పటినుంచో ఉన్నది. గడప దగ్గర సున్నపు నీళ్లలో కాళ్లు కడుక్కోవాలి. సరే, శుభ్రం కోసం అనుకుందాం. ముట్టయిన ఆడది రాకూడదు, బాలింత రాకూడదు, పురిటింటికి పోయినవాళ్లు, చావింటికి పోయినవాళ్లు రాకూడదు. వస్తే పురుగు ఒళ్లు ఉబ్బి, పాలలాంటి రసం కారి చస్తుందని మావాళ్ల భయం. ఎవరైనా ఆ కట్టు తప్పారని తెలిస్తే ఆ ఇంటి పురుగులు ఒక్కరు కూడా తీసుకోరు. ఆడవాళ్ల ఒంట్లోంచి ఏదో ఆవిరి వచ్చి పురుగును చంపుతుందని పెద్దపెద్ద మీసాల వాళ్లు నమ్ముతుంటే నాకు ఒళ్లు మండేది. తిప్పమ్మ మాత్రం ఒక్కనాడు కట్టు తప్పింది లేదు.

చాకీ ఇల్లు పెట్టిన కొన్నేళ్లకు కరువు మరీ ముదిరింది. శెనక్కాయ లేదు కాబట్టి కాయ ఒలిచే మిల్లులు లేవు, మిల్లులు లేవు కాబట్టి పొట్టు లేదు. ఈశ్వరప్ప పొట్టును గుప్పెళ్లతో కొలిచి వేయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, పుష్యమాసపు చలిలో, మల్లీశ్వరి తొలికాన్పుకు ధర్మవరం నుంచి పుట్టింటికి వచ్చింది. భర్త మగ్గం నేస్తాడు. వచ్చిన కొన్నాళ్లకే, నెలలు నిండకముందే నొప్పులొచ్చి ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. అక్కడ కొన్నాళ్లు పెట్టుకుని, పాలు పడితే గుటక వేస్తోంది కాబట్టి తీసుకుపోవచ్చు, కానీ వెచ్చగా ఉంచాలి, ఒక్క పూట చలి తగిలినా దక్కదు అని చెప్పి పంపారు. బిడ్డ నా అరచేయి, ముంజేయి కలిపినంత ఉంది.

ఇంట్లో గదులన్నీ పురుగులవి. బాలింత ఉండాల్సింది పెరటి కొట్టంలో. రేకుల కప్పు, బోదగడ్డి తడికెలు. నడిమి గది వెనక గోడకు ఆనించి ఉంటుంది. ఆ రోజు నేను మల్బరీ ఆకు దించడానికి పోయి ఉన్నాను కనుక వాళ్ల మాటలు విన్నాను. మల్లీశ్వరి బిడ్డను గుండెకు పొదువుకుని వాకిట్లోనే నిలబడింది.

"నాయనా, మొదుటి గదిలో ఒక మూల ఇయ్యి. పురుగులకు పెట్టిన సెగే బిడ్డకూ సాల్తాది. నేను తట్టలు ముట్టను" అంది.

ఈశ్వరప్ప తల వంచుకున్నాడు. తిప్పమ్మ పురుగుల గది గడప లోపల నిలబడి ఉంది, బయటికి రాలేదు. మనవరాలిని అక్కడినుంచే చూస్తోంది.

"అట్లనొద్దు మల్లీ. ఊరోల్లకు తెలిస్తే ఒక్కరు గూడా పురుగులు పట్టరు. బోర్లలో నీల్లు అయిపోతాండాయి. అందురూ ఈ ఒక్క పంట మీందనే ఉండారు" అంది. ఏడుస్తూనే అంది.

"ఊరోల్లకు ఎవురు సెప్తారమ్మా?"

"తెలీకుండా ఉంటాదా?" అన్నాడు ఈశ్వరప్ప. తర్వాత కూతురి ముఖం చూడలేక పైపుల వైపు చూశాడు. "నేను కొట్టానికి సెగ తెస్తా. పురుగుకు ఎంత సెగ ఉంటాదో బిడ్డకూ అంతే ఉంటాది. ఈ పొద్దే తెస్తా."

తెచ్చాడు కూడా. నిప్పు పిసినారి కూతురి కోసం నాలుగో గదికి పైపు వేస్తున్నాడని ఊరంతా చెప్పుకుంది. బాయిలరు నుంచి నేరుగా వేద్దామంటే పైపు చాలలేదు, ఇంకో వాల్వూ లేదు. నడిమి గదిలో పైపు చివరను పొడిగించి, గోడకు బెజ్జం కొట్టి, కొట్టంలో నేల వెంబడి ఒక చుట్టు తిప్పి మళ్లీ తిరుగు పైపుకు కలిపాడు. నడిమి గది దాటాకే కొట్టానికి నీళ్లు వస్తాయి కనుక ఆ గది వాల్వు బార్లా తెరిచాడు. కొట్టం సాయంత్రానికి వెచ్చబడింది. తడికెలకు గోనెపట్టాలు కట్టాడు. పురుగుల తట్ట ఒకటి కడిగి, పాత చీరలు పరిచి, బిడ్డను అందులో పడుకోబెట్టి పైపు పక్కన పెట్టించాడు. గోడకు వెనక ఏ పైపు ఎక్కడ కలిసిందో తిప్పమ్మ చూడలేదు. పెరట్లోకి పోతే ఆమె మళ్లీ పురుగుల దగ్గరికి రాకూడదు. మంత్రసాని బయమ్మ పొద్దునా సాయంత్రం వచ్చి తల్లినీ బిడ్డనూ చూసుకునేది. బిడ్డ పాలు తాగుతోందని, కాళ్లు ఆడిస్తోందని వసారా అవతలినుంచి కేక వేసి తిప్పమ్మకు చెప్పేది.

నాలుగు గదులకు సెగ పెట్టేసరికి పొట్టు అడుగంటింది. పావగడ అవతల ఒక మిల్లు నడుస్తోందని తెలిసి నా ట్రాక్టరు కట్టుకుని ఇద్దరం బయలుదేరాం. పోయే ముందు గడప బయట నిలబడి ఈశ్వరప్ప భార్యకు చెప్పాడు.

"మంట ఒగటి సూసుకో. ఆరనీకు. ఇవి కూర్సునేది రేపు మాపటికి గదా, ఆ పొద్దుకు నేనొస్తా."

వాల్వు సంగతి చెప్పలేదు. తాను వచ్చేదాకా దాంతో పని పడదనుకున్నాడు. ఇంత జాగ్రత్త మనిషి ఒక్క సంగతి మరిచిపోయాడు. బిడ్డ కోసం నడిమి గది వాల్వు బార్లా తెరిచినప్పటి నుంచి ఆ గదిలో పురుగులకూ సెగ ఎక్కువైంది. సెగ ఎక్కువైతే పురుగు ముందే కూర్చుంటుంది. ఇది మాకు నేర్పిందీ అతనే.

దారి పొడుగునా ఈశ్వరప్ప అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బిడ్డ ముక్కు తన తల్లి ముక్కేనట. పేరు ఇంకా పెట్టలేదు, తొట్టెలలో వేసిన నాడు పెడతారట. పావగడలో ట్రాక్టరు ఆపించి, ఇనుప సామాన్ల అంగడికి పోయి ఒక వాల్వు కొనుక్కొచ్చాడు. "కొట్టానికి సపరేటుగా పెడతా. బిడ్డది బిడ్డకు ఉండల్ల" అన్నాడు. మిల్లు దగ్గర పొట్టు కోసం మాకన్నా ముందు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి చీకటి పడింది. అక్కడే పడుకుని తెల్లవారాక బయలుదేరాం. ఆ వాల్వును కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మేం వచ్చేసరికి ఎండ పొడిచింది. చాకీ ఇంటి వాకిట్లో ఎవరూ లేరు. బాయిలరు కుమలుతోంది, పొగ సన్నగా లేస్తోంది. ఈశ్వరప్ప ట్రాక్టరు దిగి, అలవాటుగా బాయిలరు పైపు మీద చెయ్యి పెట్టాడు. తల ఊపుకున్నాడు. అప్పుడే తిప్పమ్మ మొదటి గది గడప దగ్గరికి వచ్చింది, చేతిలో ఆకు కత్తి. ముఖం వెలిగిపోతోంది.

"అన్నీ ఒగేసారి కూర్సున్నాయయ్యా. ఒక్క పురుగు గూడా వెనకబడల్యా. నిన్న మాపట్నే వాల్వు మూసేసినా. మస్తు పొట్టు మిగిలినాది" అంది.

అతను ఇంటి పక్కగా పెరటి వైపు నడిచాడు. పరిగెత్తలేదు. నేను వెనకే పోయాను. కొట్టంలోంచి గోడ దాటి వచ్చే తిరుగు పైపు ఒకటుంది, దాని మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి తీయలేదు. నేనూ పెట్టి చూశాను. తెల్లవారుజాము బావిగట్టు రాయి ఎలా ఉంటుందో అలా ఉంది.

బయమ్మ కొట్టం గుమ్మంలో కూర్చుని ఉంది. అప్పుడే వచ్చిందట. మమ్మల్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. లోపల మల్లీశ్వరి గోడకు ఆనుకుని, ఒళ్లో తట్ట పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ముందురోజు నుంచి పాలజ్వరం. నీ జ్వరం బిడ్డకు తగులుతుంది, పక్కలో వేసుకోవద్దు, పైపు దగ్గరే ఉంచు అని బయమ్మే చెప్పి పోయిందట. ఆమె వెళ్లేటప్పుడు పైపు వెచ్చగానే ఉంది.

"నాయనా, పైపు సల్లగయింది" అంది మల్లీశ్వరి. గొంతులో ఏడుపు కూడా లేదు. "పొట్టు అయిపోయిందేమో, నువ్వే ముయ్యమని సెప్పి పోయినావేమో అనుకున్యా. అందుకే అమ్మను పిలవల్యా. నా దుప్పటి గూడా దానికే కప్పినా."

ఈశ్వరప్ప అక్కడే నేల మీద కూలబడ్డాడు. చేతిలోంచి కాగితపు పొట్లం జారి పడింది. నా కోపం ఆ క్షణాన ఎవరి మీదో నాకే తెలియలేదు. గోడ అవతల పురుగులు నిక్షేపంగా ఉన్నాయి. గోడ ఇవతల పేరు లేని పిల్ల చలికి పోయింది. మధ్యలో ఉన్నది ఒక మట్టిగోడ, దాన్ని దాటి ఎవరూ ఎవరినీ పలకరించకూడదన్న మా ఊరి కట్టడి.

తిప్పమ్మకు విషయం చెప్పింది బయమ్మ. చెప్పగానే ఆమె ఆకు కత్తి పారేసి పెరట్లోకి వచ్చింది. బిడ్డ పుట్టాక మనవరాలిని ముట్టుకోవడం ఆమెకు అదే మొదలు.

బిడ్డను వంక పక్కన పూడ్చి వచ్చాం. మర్నాడు పురుగులు పంచాలి. ఆ మధ్యాహ్నమే రైతులందరూ చాకీ ఇంటి ముందు చేరారు. పరామర్శకు కాదు. మైల పడ్డ ఇంట్లో పురుగులు తీసుకోవచ్చా లేదా అన్నది వాళ్ల దిగులు. ఈశ్వరప్ప వసారాలో గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. లోపల పురుగులకు ఆకు వేసేది ఎవరో కూడా ఎవరూ అడగలేదు. పురుడూ మైలే, చావూ మైలే, రెండూ ఈ ఇంటికే తగిలాయి అని ఒకడు లెక్క చెప్పాడు. వేరే ఊరి నుంచి తెచ్చుకుందామంటే ఈ కరువులో ఎక్కడా చాకీ లేదు. తోటల్లో ఆకు కోతకు వచ్చి నిలబడి ఉంది. రేపటికి నీళ్లుంటాయో లేదో తెలియదు.

కాసేపటికి కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"పురుగు ఏం పాపం సేసినాదప్పా? పసుపు నీల్లు సల్లుకుందాం. గోడ మీంద నుంచి తట్టలు అందుకుందాం. ఏమీ కాదు."

అంతా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో అప్పుడే పసుపు కోసం ఇంటికి బయలుదేరారు కూడా. ఇన్నేళ్ల కట్టడి తీసేయడానికి వాళ్లకు చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

"ఆ పసుపు నీల్లు మొన్న ఆ బిడ్డ మీంద సల్లింటే సరిపోతాండెనే కుళ్లాయప్పన్నా. మొదుటి గదిలో ఒక మూల పండుకుంటాండె" అన్నాను.

కుళ్లాయప్ప కండువా దులుపుకున్నాడు. వసారాలో ఈశ్వరప్ప కదలలేదు, విన్నాడో లేదో. పురుగులు గోడ మీదుగా చేతులు మారాయి. ఒక్కటి కూడా చావలేదు. ఆ ఏడాది మా ఊరి గూళ్లు హిందూపురం మార్కెట్లో చూసినవాళ్లు ఇంత తెల్లటి గూడు ఈ కరువులో ఎలా వచ్చిందని అడిగారు.

మల్లీశ్వరి ఒంట్లో కాస్త బాగవగానే ధర్మవరం వెళ్లిపోయింది. తిప్పమ్మ చాకీ పని మానలేదు. కాకపోతే తట్ట తీసి చూసినప్పుడు "కూర్సున్నాయి" అనేది కాదు. భర్త వైపు చూసి ఊరుకునేది, అతనే లేచి పోయి చూసుకునేవాడు. వాల్వు ముట్టుకోవడం ఆమె మానేసింది. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు ఒక్క మాట అనుకున్నారని నేను వినలేదు. అనుకుంటే బాగుండేదేమో.

మరుసటి చలికాలం నాకు వచ్చిన పురుగులు బాగాలేవు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, ఆకు సరిగా ముట్టవు. ఇది చలి దెబ్బ అని చూడగానే తెలుస్తుంది. రెండోసారీ అలాగే వచ్చేసరికి కోపమొచ్చి తట్టలు ట్రాక్టరులో వేసుకుని అడగడానికే పోయాను. మొదటి గదిలో గోడకున్న థర్మామీటరు చూశాను, ఉండాల్సినదానికన్నా బాగా కిందికి ఉంది. గుంతలో ఈశ్వరప్ప బాయిలరు ముందు కూర్చున్నాడు. పొట్టు ఆ ఏడూ కరువే, పక్కన రెండు మూటలే ఉన్నాయి.

"ఏమన్నా, మంట తక్కువ పెడతాండావా?" అన్నాను.

"ఉన్న పొట్టుకు ఉన్నంత మంట."

"మరి సెగ యాడికి పోతాండాది?"

బూడిద తలుపు సందు సరిచేసుకున్నాడు. నేనే పైపు పట్టుకుని వెంట నడిచాను. బాయిలరు నుంచి కొత్త పైపొకటి విడిగా పెరట్లోకి పోయింది. దానికి మందంగా గోనెపట్టా, పైన నున్నగా పేడమట్టి. మొదట్లో ఒక వాల్వు. పావగడ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిందే. బార్లా తెరిచి ఉంది. కొట్టం తడికె తలుపు తీశాను. ముఖానికి వెచ్చగా తగిలింది. చాకీ గదిలో కూడా అంత వెచ్చదనం లేదు. నేల అలికి ఉంది. మూలన పైపు పక్కన ఒక ఖాళీ తట్ట. ఇంకేమీ లేదు.

నాకు ఒళ్లు మండింది. ఊళ్లో ఇంతమంది పురుగులు చలికి ముడుచుకుపోతుంటే ఇదేం పని అనుకుంటూ గుంత దగ్గరికి తిరిగొచ్చి ఆ వాల్వు మీద చెయ్యి వేశాను. ఈశ్వరప్ప లేచి వచ్చి నా చేతి మీద తన చెయ్యి పెట్టాడు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే పెట్టాడు.

"దాన్ని ముయ్యొద్దు ఓబుళేసూ."

"ఆడ ఎవురుండారన్నా?"

"ఎవురూ ల్యారు. నాకు తెల్దా?" అన్నాడు. "ఈ సలి పోనీ. నేనే మూస్తా."

అతను మాకందరికీ నేర్పిన మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. చెయ్యి తీసేసుకున్నాను. అతను మళ్లీ గుంతలోకి దిగి, మూటలోంచి గుప్పెడు పొట్టు తీసి పొయ్యిలో వేశాడు. నేను ముడుచుకుపోయిన నా పురుగుల తట్టలతో ఇంటికి తిరిగొచ్చాను.